ఘాట్ రోడ్డులో దాసుగారి బండి

బుచ్చిరామదాసు గారిని ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "చూద్దాంరా" అనేసి చేతిలో ఉన్న పని చేసుకునేవారు. పెద్దాయన మరిచిపోయారనుకుని, అడిగినవాడు కూడా కొన్నాళ్ళకు ఆ సంగతి మరిచిపోయేవాడు. తర్వాతెప్పుడో ఏ బస్టాండులోనో, ఎవరింట్లోనో భోజనాల దగ్గరో, ఏదో చిన్న ముచ్చట జరిగేది. అప్పుడాయన ఒక్క మాట అనేవారు. పక్కనున్నవాళ్ళకు అది మామూలు మాటే. అడిగినవాడికి మాత్రం ముద్ద మింగుడు పడేది కాదు. హరికథకు ఆయన పక్కన మృదంగం వాయించినన్నాళ్ళూ నేనీ తమాషా చూస్తూనే ఉన్నాను. నా వంతు ఎప్పుడొస్తుందోనని జంకి, ఆయన్ని పెద్దగా ఏమీ అడిగేవాణ్ణి కాదు.

ఆ జంకు లేనివాడు జోగారావు. దాసుగారి దగ్గర కథ నేర్చుకుంటున్న శిష్యుడు. గాజువాకలో వాడి బావకు మోటారు బళ్ళ షెడ్డుంది. చిన్నతనం నుంచీ అక్కడే స్పానర్లు పట్టి పెరిగిన జోగారావు, ఒకనాడు దాసుగారి కథ విని, ఆ మసి చేతులతోనే వచ్చి ఆయన కాళ్ళమీద పడ్డాడు. గొంతు మంచిది. జ్ఞాపకశక్తి ఇంకా మంచిది. గురుభక్తి అయితే మిగతావాళ్ళకు ఇబ్బంది కలిగేంత మంచిది. పాట మధ్యలో దాసుగారు ఎక్కడ దగ్గుతారో, తన కథలో వీడూ అక్కడే దగ్గేవాడు. మోకాలినొప్పి వల్ల దాసుగారు ఎడమకాలు కొంచెం ఈడ్చి అడుగు వేస్తారు. రాయిలాంటి కాళ్ళున్న ఈ పడుచువాడు కూడా ఎడమకాలు ఈడ్చేవాడు. ఇక కథకు ముందు గురుస్తుతి ఎత్తుకున్నాడంటే, నేను మృదంగం మీద చెయ్యి వేసి ఒక కునుకు తీసి లేవొచ్చు.

ఒకసారి సాలూరులో వాడు కథ చెబుతుండగా జనం ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. మంగళం పాడేసరికి మేమూ, మైకువాడూ మిగిలాం. పాపం, మైకు వదిలి వెళ్ళలేక ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే జోగారావు దాసుగారి ఎదట కూలబడ్డాడు.

"గురువుగారూ, అదే కథ. అవే పాటలు. అదే మృదంగం. మీరు సెప్తే జనం కూకుంటారు, నాను సెప్తే లెగిసిపోతారు. ఎందుకండీ?"

"చూద్దాంరా జోగులూ" అన్నారు దాసుగారు వక్క కత్తిరిస్తూ.

"సూడ్డానికి ఇంకేటుందండీ? వచ్చే నెల అనంతగిరి అవతల కల్యాణోత్సవంలో కథ నన్నే సెప్పమన్నారు గదా. అదీ ఇలాగే అయితే గజ్జెలు ఇప్పి మీ కాళ్ళకాడ పెట్టేసి మా బావ షెడ్డుకి ఎల్లిపోతాను. మళ్ళీ నోరిప్పను."

వాడు ఊరికే బెదిరించే రకం కాదు, అన్నంత పనీ చేస్తాడు. నాకు నిజంగానే బెంగ పట్టుకుంది. ఇంత మంచి గొంతు స్పానర్ల పాలవుతుందే అని బాధపడ్డాను. దాసుగారు మాత్రం వక్క నోట్లో వేసుకుని, "అంత కొండ మీదికి బస్సులో ఏం వెళ్తాం? మన ఇంటిబండి బాగుచెయ్యగలవా?" అని అడిగారు.

ఇంటిబండి అంటే ఒక పాతకాలపు జర్మనీ వ్యాను. ఎప్పుడో భీమిలి బీచికి వచ్చిన దొరల జంట ఒకటి, దాసుగారి కథ భాష తెలియకపోయినా కడదాకా విని, వెళ్ళిపోతూ దాన్ని ఆయనకిచ్చేశారు. లోపలే మంచం, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి ఉండేవి. మా మేళం కొన్నేళ్ళు దర్జాగా అందులోనే తిరిగింది. తర్వాత ఇంజను చచ్చిపోయి, బండి పెరట్లో రేకుల కింద మూలపడింది. మంచం మీద కోళ్ళు గుడ్లు పెట్టుకునేవి.

జోగారావు కోళ్ళను తరిమి పని మొదలుపెట్టాడు. వెనకవైపు నుంచి ఇంజను దించి, పాత టైర్ల మీద నిలబెట్టి విప్పాడు. గోనెపట్టా మీద భాగాలన్నీ వరసగా పేర్చాడు. పిస్టన్లు అరిగిపోయాయి, రింగులు విరిగాయి, పిస్టన్లు ఆడే బారెళ్ళ లోపల గీతలు పడ్డాయి. బావచేత ఎక్కడెక్కడి నుంచో సామాను వెతికించి తెప్పించాడు. ఆ ఇంజనుకు చుట్టూ పల్చటి రెక్కలుంటాయి. ఏళ్ళ తరబడి నూనె, దుమ్ము, కోడి ఈకలు కలిసి ఆ రెక్కల సందుల్లో గట్టిపడిపోయాయి. జోగారావు వెదురుపుల్లలు చెక్కి మా అందరికీ తలా ఒకటి ఇచ్చాడు. దాసుగారు కూడా పీట వేసుకుని కూర్చుని, పళ్ళు తోముకున్నంత శ్రద్ధగా ఆ రెక్కలు తోమారు.

మా వయొలిన్ శేషగిరి పంతులుగారు సాయం చేద్దామని బకెట్టుతో నీళ్ళు మోసుకొచ్చారు. ఇంజను చుట్టూ ప్రదక్షిణం చేసి, "నీళ్ళెక్కడ పొయ్యాలోయ్?" అన్నారు.

"మొక్కలకి పొయ్యండి పంతులుగారూ. దీనికి నీళ్ళక్కర్నేదు. గాలే దీనికి నీళ్ళు. అదిగో, బండికి ఎనకాల రెండు పక్కలా పైన సీలికలున్నాయి సూడండి. గాలి అక్కడ్నించి దిగాల. ఈ పంకా దాన్ని లాగి, ఈ రేకుల మద్దినించి తోలి, ఒక్కో రెక్కనీ తడిమించి కిందకి వదులుతాది. గాలాడినంతసేపూ దీనికి సావు నేదు. ఆగిందనుకోండి, పిస్టను ఉడికి బిగిసి పట్టేస్తాది. మళ్ళీ ఈ సామాను బూమ్మీద దొరకదు, బండి కోళ్ళకే!"

వాడలా చెబుతుంటే గోడ మీద కూర్చున్న నలుగురూ పదిమంది అయ్యేవారు. పాలు పొయ్యడానికొచ్చిన సింహాచలమ్మ చెంబు దించి అక్కడే నిలబడిపోయేది. ఆమెకు ఇంజనుతో ఏం పని? అయినా, "ఆ రేకు ఎందుకు బాబూ?" అని అడిగేది. వాడు ఆ రేకు కథ చెప్పేవాడు. దాసుగారు పుల్ల ఆపి, ఇంజను వైపు కాకుండా, వింటున్నవాళ్ళ మొహాల వైపు చూస్తుండేవారు.

ఇంజను బిగించి బండికెక్కించిన రోజున, కీ తిప్పగానే అది రెండుసార్లు తుమ్మి, మూడోసారి అందుకుంది. డబడబమని ఆ చప్పుడు విని జోగారావు ఏడ్చేశాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. ఊరి చివరిదాకా వెళ్ళి వచ్చాం. ఎక్కడా ఆగలేదు, పొగ లేదు, నూనె చుక్క కారలేదు.

ప్రయాణం రోజు పొద్దున బండికి పూజ జరిగింది. టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి, కొబ్బరికాయ పగిలింది, ముందు అద్దానికి బంతిపూల దండ వేలాడింది. అప్పుడు జోగారావు లోపలికి వెళ్ళి, చాటుగా చేయించి దాచిన రెండు ఫ్లెక్సీలు తెచ్చాడు. వాటి నిండా దాసుగారే. శాలువా కప్పుకుని, చిడతలెత్తి, బూరెల్లాంటి బుగ్గలతో నవ్వుతున్నారు. కింద 'హరికథా చక్రవర్తి' అని ఎర్రక్షరాలు. బండి వెనక భాగాన రెండు పక్కలా ఒక్కోటి తాళ్ళతో కట్టాడు.

"ఏమిట్రా ఇది? నేనేమైనా ఎలక్షన్లో నిలబడ్డానా?" అన్నారు దాసుగారు.

"మీ బొమ్మ ఉంటే బండికి దిష్టి తగలదండీ. గాలి సీలికలకి ఆనకుండా రెండు వేళ్ళ సందు వదిలి కట్టినాను. పరవానేదు" అన్నాడు వాడు.

శృంగవరపుకోట దాటేదాకా బండి హాయిగా నడిచింది. శేషగిరిగారు మంచం మీద గురక పెట్టారు. ఘాట్ మొదలై నాలుగు మలుపులు తిరిగామో లేదో, మాడిన నూనె వాసన కొట్టింది. స్టీరింగు ముందర ఎర్రదీపం మినుకుమంది. జోగారావు మొహం పాలిపోయింది. బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, వెనక తలుపెత్తి చూశాడు. వేలు తడిచేసి తాకిస్తే చుయ్యిమంది. ఆయిలు చూశాడు, ఉంది. బెల్టు చూశాడు, బిగువుగా ఉంది. చీలికల వైపు చూశాడు. ఫ్లెక్సీ వదులుగా వేలాడుతోంది, సందు సందులాగే ఉంది.

చల్లారనిచ్చి మళ్ళీ బయల్దేరాం. మరో రెండు మలుపులకు మళ్ళీ అదే దీపం, అదే వాసన. ఈసారి ఇంజను లోపల ఎవరో సుత్తితో తడుతున్నట్టు చప్పుడు కూడా మొదలైంది. జోగారావు రోడ్డు పక్క రాయి మీద కూర్చుని తలపట్టుకున్నాడు.

"ఏటైందో తెలడం నేదు గురువుగారూ. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఉడికిపోతంది. ఇంకోసారి ఇలాగైతే పట్టేస్తాది. అక్కడ కథా పండదు, ఇక్కడ బండీ నడవదు. నా సేతిలోనే ఏదో దోసముంది."

దాసుగారు వాడి భుజం తట్టి, "బరువు తగ్గిస్తే కొంచెం నయమేమో. మేం నడుస్తాం, నువ్వు మెల్లగా పోనియ్యి" అన్నారు. ఇంజను చల్లారాక వాడొక్కడే ఎక్కి, మొదటి గేరులో నత్తనడక నడిపాడు. మేం పక్కనే నడిచాం. దాసుగారు ఒక పక్క తన బొమ్మ వెంబడే నడుస్తూ దాన్ని చూశారు. ఆగి మళ్ళీ చూశారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"ఒరే జోగులూ! ఇంజను ఆపకుండా దిగి రారా! నా బొమ్మ ఊపిరి బిగబట్టింది చూడు!"

జోగారావు బ్రేకు వేసి, ఇంజను నడుస్తుండగానే దిగి వచ్చాడు. లోపలి పంకా గాలి లాగుతుంటే, ఆ లాగుడుకు ఫ్లెక్సీ వెళ్ళి చీలికలకు అతుక్కుపోయింది. బూరెల్లాంటి దాసుగారి బుగ్గలు లోపలికి పీక్కుపోయి, పదిరోజులు లంఖణం చేసిన మనిషిలా ఉన్నారు. జోగారావు పరిగెత్తి వెళ్ళి ఇంజను ఆపాడు. ఆపగానే బొమ్మ మెల్లగా ఇవతలికి వచ్చి, బుగ్గలు నింపుకుని, ఏమీ ఎరగనట్టు నవ్వింది. ఆపి చూసినన్నిసార్లూ మాకు కనబడింది ఈ నవ్వే. అవతలి పక్కా ఇదే వరస.

సంగతి తెలిశాక కూడా వాడి చేతులు ముడుల దగ్గరికి పోలేదు. "మీ బొమ్మ ఎలాగిప్పీమంటారండీ? బండెక్కుతూ కట్టింది దారిలో ఇప్పితే అపచారం గదా? ఇంకొంచెం సందు వదిలి కడతాను..."

"నువ్వు విప్పుతావా, నన్ను విప్పమంటావా?"

వాడు కళ్ళకద్దుకుంటూ ముడులు విప్పాడు. రెండు ఫ్లెక్సీలూ మడిచి దాసుగారి చేతికిచ్చాడు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో బండి చల్లారేలోపు పులిహోర తిన్నాం. తర్వాత బండి మమ్మల్నందర్నీ ఎక్కించుకుని, దారిలో ఒక లారీని కూడా దాటి, పొద్దుండగానే ఊరు చేర్చింది. దాని నడక ఎంత తేలికపడిందంటే శేషగిరిగారికి మళ్ళీ నిద్రపట్టింది.

దీపాలు పెట్టే వేళకు పందిరి నిండా జనం. మామూలుగా దాసుగారు వేదిక మీదే, శిష్యుడి వెనకాల కుర్చీలో కూర్చుంటారు. ఆ రోజు కుర్చీ వద్దన్నారు. మడిచిన ఫ్లెక్సీ చంకలో పెట్టుకుని వెళ్ళి, ముందు వరసలో, జనం మధ్య, తడినేల మీద దాన్ని పరిచి, తన బొమ్మ మీద తానే సుఖంగా మఠం వేసుక్కూర్చున్నారు.

జోగారావు గజ్జె కట్టి, చిడతలెత్తి, గురుస్తుతికి నోరు తెరిచి, అది చూశాడు. ఎత్తిన చిడతలు ఎత్తినట్టే ఉండిపోయాయి. నేను మృదంగం మీద కాలక్షేపం చేస్తున్నాను. మొదటి వరసలో ఒక పెద్దమనిషి అప్పుడే చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు. అయిపోయింది, వీడింక షెడ్డుకే అనుకున్నాను. ఇంతలో జోగారావుకు నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. మైకులో వినపడేలా నవ్వేశాడు.

"బాబులూ, అమ్మలూ! స్వామివారి పెళ్ళికి మగపెళ్ళివారి బళ్ళు కొండెక్కినాయని పెద్దలు సెప్తారు. ఎలాగెక్కినాయో నాకు ఈ పొద్దే తెలిసింది" అని నేరుగా కథలో దిగాడు.

అదే ఘట్టంలో దాసుగారు పంచకల్యాణి గుర్రాలనూ, బంగారు రథాలనూ వర్ణిస్తారు. వీడు ఎడ్లబళ్ళు తోలించాడు. "ఒరే బాబూ, ఇరుసుకి ఆవదం రాసినావా?" అని పెళ్ళికొడుకు అడుగుతాడు. "రాసినాను సామీ, మీ మేనమామ బండి దిగితే ఇంకా బాగా తిరుగుతాది!" అంటాడు బండివాడు. జనం గొల్లుమన్నారు. పాట దగ్గరికొచ్చేసరికి వాడి గొంతు పందిరి దాటి వెళ్ళింది. ఎడమకాలు ఈడ్చలేదు. ఒక్కసారీ దగ్గలేదు. చెప్పులు తీసుకున్న పెద్దమనిషి వాటిమీదే కూర్చుండిపోయి, చివర స్వామివారు తాళి కట్టే చోట అందరికంటే ముందు కళ్ళు తుడుచుకున్నాడు. మంగళం పాడినా ఎవరూ లేవలేదు. ఇంకో పాట పాడమన్నారు.

అంతా అయ్యాక జోగారావు గజ్జెలతోనే వచ్చి దాసుగారి కాళ్ళకు మొక్కాడు. సాలూరు కథప్పటి ప్రశ్న మళ్ళీ ఎత్తలేదు. ఆయన లేచాక, నేలమీది ఫ్లెక్సీ తీసి, అంటిన మట్టిని తన ఉత్తరీయంతో తుడుస్తూ, "దీన్నేటి సెయ్యమంటారు గురువుగారూ?" అన్నాడు.

"బండి కింద దూరి పనిచేసేటప్పుడు పరుచుకోరా" అన్నారు దాసుగారు. "వీపు కింద ఉంటే గాలికి అడ్డురాను."