కరియ చెప్పులు

కరియ కాలు నేలకు ఆనించడం లేదు. ముందటి కుడికాలు ఎత్తిపట్టుకుని, మూడు కాళ్ల మీద గెంతుకుంటూ వచ్చి పాక ముందు కూలబడింది.

ఓబన్న చేతిలో పని పక్కన పడేసి దాని దగ్గరికి వచ్చాడు. ఆరాధనకు పదమూడు రోజులే ఉన్నాయి.

ఆరాధన అంటే, లింగదాసయ్య తన గురువుగారు పోయిన తిథినాడు ఏటా ఆయన సమాధి దగ్గర చేసే పూజ. ఆ సమాధి మూడు రోజుల నడక. లింగదాసయ్య ముప్పైయొక్క ఏళ్లు తప్పకుండా, చెప్పుల్లేని కాళ్లతో అక్కడికి నడిచినవాడు. కళ్లకు పొర కమ్మింది ఆరేళ్ల కిందట. అప్పటినుంచి ఆయన మణికట్టుకు ఒక తాడు, ఆ తాడు చివర కరియ. నల్ల కుక్క. ఎక్కడిదో, ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు. గుంట వస్తే ఆగేది, ముళ్లకంప ఉంటే పక్కకు తిరిగేది. అది ఆగితే అయ్య ఆగేవాడు.

ఆ రోజుల్లో ఆ దారంతా మట్టిదారే. వేరుశనగ చేల నడుమ, చుర్రుమని ఎండ కాస్తుంటే, ఒక ముసలాయనా ఒక నల్ల కుక్కా పక్కపక్కన పోతుంటే చేలల్లోవాళ్లు పని ఆపి చూసేవాళ్లు. తత్వాలు పాడుకుంటూ పోయే ఆయన గొంతు మలుపు తిరిగినాక కూడా వినపడేది.

ఓబన్న ఆయన శిష్యుడు. చెప్పులు కుట్టేవాడు. చుట్టుపక్కల ఏడూళ్లలో అంత సన్నని కుట్టు ఇంకొకరి చేతిలో లేదు. ఆ సంగతి ఊళ్లవాళ్లకు తెలుసు, ఓబన్నకు ఇంకా బాగా తెలుసు. శిష్యుడైన మొదటి ఏడే అయ్యకు మేకతోలు చెప్పులు కుట్టి తెచ్చి పాదాల దగ్గర పెట్టాడు.

అయ్య వాటిని తడిమి చూసి, "బలే కుట్టినావురా" అని తిరిగి ఇచ్చేశాడు.

"తొడుక్కో సామీ. ఎండకు కాళ్లు కాల్తాయి."

"కండ్లు పోయినాక నాకు కాళ్లే గదరా కండ్లు. వాటికీ గంతలు కట్టమంటావా?"

ఓబన్న మనసు చివుక్కుమంది. చెప్పులు తిరస్కరిస్తే కుట్టినవాణ్ణి తిరస్కరించినట్టే అనుకున్నాడు. ఊరికే ఉండలేక, పోయిన ఎండాకాలం, ఆ మిగిలిన తోలుతోనే కరియకు నాలుగు చిన్న చెప్పులు కుట్టాడు. పాదమంతా కప్పేలా, పైన దారంతో బిగించేలా. వాటిని తొడిగి సంతకు కూడా తీసుకుపోయాడు. సంత సంతంతా మూగింది. "కుక్కకు చెప్పులు కుట్టినోడు" అని ఏడూళ్లలో పేరు మోగింది. ఆనాటినుంచి కరియ అవి లేకుండా అడుగు వేసింది లేదు.

"నువ్వు వద్దంటివి, దానికైనా వేస్తి సామీ" అన్నాడు ఓబన్న.

"దాన్ని అడిగినావా?" అని అయ్య నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు ఓబన్న ఆ చెప్పుల దారాలు విప్పి, కరియ కాలు ఒళ్లో పెట్టుకుని చూశాడు. చూసి నోరు తెరిచాడు. అరికాలి మెత్తల అంచుల వెంబడి ఏవో మొలిచి ఉన్నాయి. అరిగిపోయిన చీపురుపొరక పుల్లల కొసల్లాగా గట్టిగా, పీచుపీచుగా. నడి మెత్త పక్కన ఒకటి చిక్కుడుగింజంత లావై, కొమ్ములా వంకర తిరిగి లోపలికి గుచ్చుకుంటోంది. మిగతా మూడు కాళ్లూ కొంచెం తక్కువగా అలాగే ఉన్నాయి.

అయ్యకు సంగటి తెచ్చిన లచ్చుమక్క వంగి చూసింది. "ఏమప్పా ఓబన్నా! మీ కుక్కకు కాళ్లల్లో కొమ్ములు మొలిచినాయే! గంగిరెద్దులోళ్లు చూస్తే తోలుకపోతారు, దాచిపెట్టుకో."

"నువ్వు సంగటి పెట్టి పో అక్కా. తోలు సంగతి నాకు చెప్పొద్దు."

"చెప్పేదానికి నేనెవరు? చెప్పులు కుట్టినోడివి నువ్వుండగా!" అని ఆమె నవ్వుకుంటూ పోయింది.

ఓబన్న తోలు కోసే కత్తి తీసి రాతి మీద నూరాడు. ముప్పై ఏళ్లుగా తోలు చెక్కుతున్న చెయ్యి. అదనపు తోలు ఎక్కడ మొదలవుతుందో, ఎంత లోతు దింపాలో కళ్లు మూసుకుని చెప్పగలడు. సాయంత్రానికి కరియ పరిగెత్తుతుంది, అయ్య భుజం తడతాడు అనుకున్నాడు.

మొదటి చెక్కు కొసల మీద తేలిగ్గా పోయింది. పొట్టు రాలింది. రెండోదీ అంతే. మూడో చెక్కు చిక్కుడుగింజ మొదట్లో దింపాడు.

కరియ అరిచింది. ఓబన్న చేతులు రక్తంతో ఎర్రబడ్డాయి.

కుక్క కరవలేదు. కాలు లాక్కోలేదు కూడా. ఓబన్న ముఖంలోకి చూస్తూ వణికింది. అదే ఓబన్నను చంపేసింది.

అరుపు విని అయ్య గోడ తడుముకుంటూ వచ్చాడు. కుక్క పక్కన కూర్చుని, తన తలగుడ్డ విప్పి, కాలికి అదిమిపట్టాడు. నెత్తురు ఆగేదాకా చెయ్యి తియ్యలేదు.

"చచ్చిన తోలే అనుకొంటి సామీ" అన్నాడు ఓబన్న చివరికి.

"ఏడ్చే తోలు నువ్వు కోసింది ఇదే మొదలు గదా."

అయ్య మిగతా మూడు పాదాలూ ఒక్కొక్కటే వేళ్లతో తడిమాడు. అంచులు తడిమాడు. నడుమ తడిమాడు.

"ఇది నేల మీద నడిచి ఎన్నాళ్లయిందిరా?"

"దినామూ నడుస్తానే ఉంది గదా సామీ. నీ పక్కనే."

"నేల మీదనా?"

ఓబన్న పక్కనున్న చెప్పుల వైపు చూశాడు. నేలకు అరగాల్సిన తోలు వాటిలో అరక్క పెరిగింది.

మర్నాటినుంచి అయ్య తానే పని మొదలుపెట్టాడు. గాయం మానేదాకా ఆ కాలి జోలికి పోలేదు. మిగతా కాళ్లను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఆముదం రాసి, మెత్తబడిన కొసలను నున్నటి పెంకుముక్కతో కొంచెం కొంచెం రుద్దేవాడు. మూడోరోజు ఓబన్న చెయ్యి పట్టుకుని కరియ పాదం మీద పెట్టాడు.

"ముందు వేలు పెట్టు. దానికి యాడ నొప్పో నీ వేలికి తెలుస్తాది. తెలిసినకాడ ఆగు."

కుట్టి కుట్టి మొద్దుబారిన వేళ్లు. మొదట ఏమీ తెలియలేదు. రెండు రోజులకు, కరియ ఊపిరి ఎక్కడ బిగపడుతుందో తెలిసింది. అక్కడ ఆగాడు.

కానీ రోజులు ఆగలేదు. ఆరాధనకు నాలుగు రోజులు మిగిలాయి. దేవుడు దిగి వచ్చినా కరియ మూడు రోజులు నడవలేదు.

"నేను పట్టుకొని తీసకపోతా సామీ" అని ఓబన్న కాళ్ల మీద పడ్డాడు. "కాదంటే బండి కడతా. నావల్ల నీ ఆరాధన తప్పిపోతే నేను బతకలేను."

"ఎన్నోసార్లు ఎవరెవరో చెయ్యి పట్టుకొని నడిపించినారురా. అందరూ ముందు నడుస్తారు. ఇది పక్కన నడుస్తాది."

"అయితే పోవా?"

"పోకుండా ఉంటానా?"

ఆరాధన ముందు మూడు రోజులూ అయ్య కదలలేదు. ఆరాధన నాటి పొద్దున్నే పూలూ కర్పూరం గుడ్డలో మూటగట్టి, తాడు మణికట్టుకు చుట్టుకుని లేచాడు. ఓబన్నకు ఏమీ అర్థం కాలేదు. వెనకాలే నడిచాడు.

కరియ కుంటుతూ, వాసన చూస్తూ, ఆగుతూ పోయింది. అది ఆగినచోటల్లా అయ్య ఆగాడు, తొందరపెట్టలేదు. తత్వం ఒకటి సన్నగా అందుకున్నాడు. ఊరు దాటి, చింతతోపు దాటి వంకలోకి దిగారు. వంకలో నీళ్లు లేవు, ఇసుక మెత్తగా ఉంది. నట్టనడుమకు వచ్చి కరియ కూర్చుంది. పాదం నాక్కుంటూ, ఇక లేవలేదు.

తాడు వదులు కావడం అయ్యకు తెలిసింది.

"యాడికొచ్చినాం?"

"వంకలో ఉన్నాం సామీ." ఓబన్న వెనక్కి తిరిగి చూశాడు. "మైలు కూడా రాలేదు. మన ఊరు ఇంకా కనపడ్తానే ఉంది."

అయ్య ఇసుకలో కూర్చున్నాడు. చేత్తో కొంత మేర చదును చేశాడు. మూట విప్పి పూలు పెట్టాడు. కర్పూరం వెలిగించమని ఓబన్న చేతికిచ్చాడు. చేతులు జోడించి, నుదురు ఇసుకకు ఆనించాడు. ముప్పైయొక్క ఏళ్లుగా సమాధి ముందు ఎంతసేపు ఉండేవాడో అంతసేపూ అలాగే ఉన్నాడు.

లేచి, నుదుటి ఇసుక దులుపుకోకుండానే అన్నాడు.

"సరేలే. ఈ యేడు మా గురువే ఇంతదూరం వచ్చినాడు."

ఓబన్న కర్పూరం ఆరిపోయేదాకా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తన కాళ్ల చెప్పులు విప్పాడు. ఇసుక వెచ్చగా, గరుకుగా తగిలింది. ఎప్పుడో చిన్నప్పుడు తగిలినట్టు.

ఆ రోజునుంచి రోజూ పొద్దున ముగ్గురూ వంకదాకా నడిచేవాళ్లు. తర్వాత వంక అవతలి గులకరాళ్లదాకా. మళ్లీ ఆరాధన వచ్చేనాటికి కరియ పాదాలు మామూలుగా అయిపోయాయి. వాటిని ఎవరూ చెక్కలేదు.

అప్పటికి అయ్య లేడు.

ఆ యేడు తాడు ఓబన్న మణికట్టుకు ఉంది. ఇద్దరూ పక్కపక్కన మూడు రోజుల దారి ఐదు రోజులు నడిచి సమాధి చేరారు. ఆ తర్వాత కరియ కూడా పోయింది. మట్టిదారి తారురోడ్డయింది. వంక మీద వంతెన కట్టారు.

వంతెన పడినాక కూడా ఓబన్న కిందినుంచే దాటేవాడు, చెప్పులు చేత పట్టుకుని.