తీతువు కూయని ఉదయం

వెదురుకోన అడవిలో జింకలు, కుందేళ్లు, అడవిపందులు ఒకే మడుగు నీళ్లు తాగి బతికేవి. పులి ఆ అడవికి రాజు. మడుగుకు కాపలా ఒక తీతువు పిట్ట.

ఊళ్లలో తీతువు కూస్తే అపశకునం అంటారు. వెదురుకోనలో మాత్రం దాని గొంతే కొండంత అండ. రోజూ తెల్లవారగానే తీతువు గట్టు వెంట నడుస్తూ నీళ్లు రుచి చూసేది. తేడా ఉంటే కూసేది. కూయకుండా ఊరుకుందంటే నీళ్లు మంచివని లెక్క. అప్పుడే మిగతావి మూతి ముంచేవి. తాతలనాటి కట్టుబాటు అది.

ఒక ఎండాకాలం మడుగు అడుగంటింది. నీళ్లు తీతువు నాలుకకు చేదుగా తగిలాయి. గట్టు పొదల చాటున రెండు కుందేళ్లు నురగ కక్కి పడి ఉన్నాయి. తీతువు కూయబోయి, ముందు రాజుకు చెప్పాలనుకుంది. ఎగిరి వెళ్లి రాజుకు చెప్పింది.

అక్కడే ఉన్న ముసలి అడవిపంది, "రాజా, దాచొద్దు. కొండ వెనక సెలయేరుంది. దూరమే, కానీ ఒంట్లో సత్తువ ఉండగానే చెబితే అందరూ నడవగలరు" అంది.

పులి మీసం దువ్వింది. "పొరుగడవుల రాజులు విందుకొస్తున్నారు. రోగమని తెలిస్తే నా పరువేం కాను? విందు కానివ్వండి, నేనే చెబుతాను. అందాకా, తీతువూ, నోరు మెదపకు."

"తాగితే చస్తారు రాజా!"

"నిన్ను అబద్ధం చెప్పమన్నానా? ఊరుకోమన్నాను, అంతే."

అడవిపంది తన మందను తీసుకుని కొండ దారి పట్టింది. మడుగు నీళ్లు మంచివి కావని చెప్పి దారిలో అందరినీ రమ్మంది. "తీతువు కూయలేదుగా! నీకెందుకు మామా కంగారు?" అని కుందేళ్లు నవ్వాయి.

మర్నాడు జింక తన కూనతో మడుగుకు వచ్చింది. "తీతువక్కా, నువ్వున్నావన్న ధీమాతోనే వచ్చాను" అంది. ఎప్పటిలాగే ముందు కూనను తాగనిచ్చింది. గట్టు మీద పులి కూర్చుని చూస్తోంది. తీతువు గొంతు దాకా వచ్చిన కూతను మింగేసింది.

విందు నాటికి కూన లేదు. గట్టంతా కళేబరాలే. వచ్చిన రాజులు ముక్కు మూసుకుని వెనుదిరిగారు. చచ్చిన జింకల మాంసం తిన్న పులి లేవలేకపోయింది.

అప్పుడు పులి మూలుగుతూ చాటించింది. "సెలయేటికి పొండి! ఆ నీళ్లు మంచివి!"

ఒక్కటీ కదల్లేదు. తీతువు బతిమాలగా బతిమాలగా కొన్ని వెంట నడిచాయి. సెలయేటి ఒడ్డున తీతువు కూయకుండా నిలబడింది. దాహంతో నాలుకలు పిడచకట్టినా ఎవరూ మూతి ముంచలేదు.

"ఆ రోజూ ఇలాగే ఊరుకున్నావు" అంది జింక.

 తీతువు తన పిల్లల్ని పిలిచి, అందరి ముందూ నీళ్లు తాగించింది. పొద్దు వాలే దాకా అన్నీ ఆ పిల్లల్నే చూస్తూ కూర్చున్నాయి. ఈలోగా కొన్ని ఒడ్డు మీదే దాహంతో ప్రాణాలు విడిచాయి. పిల్లలకు ఏమీ కాలేదు. అప్పుడు మిగిలినవి తాగాయి.

మడుగు దగ్గర పులి ఒంటరిగా చచ్చింది. అడవిపంది మంద కొండ మలుపు అవతల, సెలయేటి ఎగువ ఒడ్డున పిల్లాపాపలతో పెరిగింది.

వెదురుకోనలో కట్టుబాటు మారింది. ఇప్పుడు ముందు తీతువు పిల్లలు తాగాలి. జింక అన్నిటికన్నా చివర వస్తుంది. తాగి వెళ్లిపోతుంది. "తీతువక్కా" అని మాత్రం మళ్లీ ఎన్నడూ పిలవలేదు.

నీతి: ఆపద వేళ నిజం దాచినవారి మాట, తర్వాత మేలు చెప్పినా చెవికెక్కదు.