గోత్రనామాలతో కసరత్తు

ఉగాదికి ఇంకా మూడు నెలలుండగా, నాగులకోట రాజు రంగపతిరాజు నిండు సభలో తన చేతి బంగారు కడియం తీసి పైకెత్తాడు. తనచేత కొండెక్కించి శంఖం ఊదించినవాడికి ఆ కడియం ఇస్తానన్నాడు.

సభలో ఒక్కరూ ముందుకు రాలేదు. ఎందుకంటే ఆ రాజుకు తన చెప్పులు తాను తొడుక్కున్న జ్ఞాపకం కూడా లేదు. చెప్పులకొకడు, గొడుగుకొకడు, విసనకర్రకొకడు. పూజ కూడా అంతే. పూజారి రాజు గోత్రనామాలు చెప్పి కానిచ్చేస్తే, పుణ్యం తన ఖాతాలో పడిందనుకుని రాజు పక్కకు ఒత్తిగిలేవాడు.

కానీ ఉగాది శంఖం మాత్రం ఇంకొకరిచేత ఊదించే వీలు లేదు. కోట వెనక కొండకు మూడువందల మెట్లు. రాజు సొంత కాళ్ళతో ఎక్కి, పైన కూర్చోకుండా శంఖం ఊదాలి. ఊదలేకపోతే శంఖం, దాంతోపాటు కోట తాళాలు దాయాది జగ్గరాజుకు పోతాయి. పోయిన ఏడు రంగపతిరాజు ఎలాగో దేకుతూ ఎక్కి ఊదితే శంఖం పిల్లిలా మూలిగింది. అది విని జగ్గరాజు మీసం దువ్వుకున్నాడు.

ముసలి రాజవైద్యుడు నాడి చూసి, గుండెకు పని చెప్పాలన్నాడు. రోజూ చెమట పట్టేదాకా కాళ్ళాడించాలన్నాడు. రాజు రొప్పుతుంటే ఊరు చూస్తే పరువేం కావాలి? అందుకని వడ్రంగిచేత పడకగదిలోనే ఒక తొక్కుడు యంత్రం పెట్టించారు. రెండు చెక్కలు. ఒకటి తొక్కితే రెండోది లేస్తుంది, మెట్లెక్కినట్టే ఉంటుంది, మనిషి మాత్రం ఉన్నచోటే ఉంటాడు.

రాజు పది తొక్కులు తొక్కి మంచమెక్కాడు.

అప్పుడు ముందుకొచ్చాడు కుస్తీల వస్తాదు భీమలింగం. తన ఛాతీని తానే చూసుకుని మురిసిపోయే మనిషి.

"ప్రభువులు శ్రమపడటమేమిటి? తమరి గోత్రనామాలు చెప్పి నేను తొక్కుతాను. ఫలం తమకే."

మనకు నవ్వొస్తుంది గానీ, అన్నీ ఇంకొకరిచేత చేయించుకునే రాజుకు అది భేషుగ్గా నచ్చింది. మర్నాటి నుంచి వస్తాదు గంధం పూసుకుని, ధనుంజయ గోత్రం రంగపతిరాజు అంటూ ఐదువందల తొక్కులు తొక్కేవాడు. రాజు మంచం మీద నేతి అరిసెలు తింటూ లెక్కపెట్టేవాడు. రాజుగారే తొక్కాలని వైద్యుడు మూడుసార్లు చెప్పబోయాడు. మూడోసారి ఆయన్ని ఇంటికి పోయి విశ్రాంతి తీసుకోమన్నారు.

నెల గడిచాక రాజు కొండ దగ్గరకు వెళ్ళి చూసుకున్నాడు. ఇరవై ఎనిమిదో మెట్టు మీద కూలబడ్డాడు. గుండె దడదడలాడింది. ఈసారి నిజంగా భయపడ్డాడు. వస్తాదును అడిగితే, ఐదువందలు చాలలేదు, రేపట్నుంచి వెయ్యి తొక్కుతానన్నాడు. రాజు సరేనన్నాడు!

ఇదంతా వెనకనుంచి చూస్తున్నవాడు గురవప్ప. రాజు వెంట తాంబూలం పెట్టె పట్టుకుని తిరగడం వాడి కొలువు. తాళాలు జగ్గరాజు చేతికెళితే తనతో సహా కోటలో అందరూ వీధిన పడతారని వాడికి తెలుసు. ఉన్నమాట చెబితే వైద్యుడికి పట్టిన గతేనని కూడా తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం రాజు, వస్తాదు భోజనానికొచ్చారు. రెండు విస్తళ్ళలోనూ నమిలి పారేసిన ములక్కాడ పిప్పి తప్ప ఏమీ లేదు. పక్కన గురవప్ప చెయ్యి తుడుచుకుంటున్నాడు.

"భోజనమేదిరా?" అన్నాడు రాజు.

"అయిపోయింది ప్రభూ. గుత్తివంకాయ, పప్పు, పులుసు, మూడు బొబ్బట్లు. తమరి గోత్రనామాలు చెప్పే తిన్నాను, ఫలం తమకే. వస్తాదుగారి పేరు మీద ఇంకో నాలుగు బొబ్బట్లు తిన్నాను."

రాజు నోరు తెరిచేలోపే వస్తాదు మండిపడ్డాడు. వెయ్యి తొక్కులు తొక్కొచ్చినవాడి ఆకలి మామూలుగా ఉంటుందా?

"నువ్వు తింటే మా కడుపెలా నిండుతుందిరా? ఎవడు తింటే వాడి కడుపే నిండుతుంది!"

గురవప్ప వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"మరి తొక్కుడు యంత్రం తొక్కితే ఎవరి గుండె గట్టిపడుతుంది వస్తాదుగారూ?"

రాజు వస్తాదు ఛాతీని చూశాడు. తన బొజ్జను చూసుకున్నాడు. ఆ బొజ్జ ఆకలితో గట్టిగా గుర్రుమంది. దాంతో రాజుకు నవ్వు ఆగలేదు. మళ్ళీ వండమని వంటవాళ్ళకు కబురు పెట్టి, వండేలోపు తానే తొక్కుతానంటూ పడకగదికి బయల్దేరాడు. వైద్యుణ్ణి కూడా వెనక్కి పిలిపించాడు.

ఆ రోజు నలభై తొక్కులు. వైద్యుడు పక్కనే కూర్చుని కొద్దికొద్దిగా పెంచుతూ పోయాడు. మొదట్లో తొక్కుతూ రెండు మాటలు కూడా ఆడలేకపోయినవాడు, రెండో నెలకల్లా తొక్కుడు ఆపకుండా వంటవాణ్ణి ఆసాంతం తిట్టగలిగాడు. పాపం, వంటవాడు కూడా సంతోషించాడు.

ఉగాదినాడు రంగపతిరాజు చెమటలు కక్కుతూ మూడువందల మెట్లూ ఎక్కాడు. కూర్చోలేదు. శంఖం అందుకుని ఊదితే ఆ మోత ఊరి చివరి ఇంటిదాకా వినిపించింది. జగ్గరాజు మీసం మీది చెయ్యి జారిపోయింది. కింద జనం గంతులేశారు.

రాజు చేతి కడియం తీయగానే వస్తాదు అందరికంటే ముందు చెయ్యి చాపాడు. ఆ యంత్రం మీద మొదట చెమటోడ్చింది తనేనని గుర్తుచేశాడు.

"నిజమే, కడియం మీదే," అన్నాడు రాజు. "కానీ తొడుక్కోవడానికి మీరు శ్రమపడటమేమిటి? గోత్రనామాలు చెప్పండి వస్తాదుగారూ, మీ పేరు మీద మా గురవప్ప తొడుక్కుంటాడు."

కొండంతా నవ్వింది. వైద్యుడైతే పొట్ట పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు. వస్తాదు అటూ ఇటూ చూసి, చివరికి తనకూ నవ్వొచ్చి, గొంతు సవరించుకుని తన గోత్రం చెప్పాడు.

గురవప్ప చెయ్యి చాపాడు.