దాహం లేని లోహం

నెల్లూరు జిల్లా మొత్తం మీద గ్రీకు పురాణాలు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. గూడూరు బస్టాండు పక్కన పాత పుస్తకాల బండి మీద కొన్న ఒకే ఒక్క పుస్తకం చదివాను. అందులోనూ చివరి యాభై పేజీలు చెదలు తిన్నాయి. అవి తిన్న కథలన్నీ నేనే పూర్తి చేసుకున్నాను.

ఆ పుస్తకం చంకలో పెట్టుకునే దస్తగిరి సాహెబ్ దగ్గర శిష్యరికానికి చేరాను. సైదాపురం అభ్రకం గనుల దగ్గర ఆయనకో రేకుల షెడ్డు. చుట్టుపక్కల దొరికిన రాళ్లు తెచ్చి జనం ఆయన ముందు పెడతారు. ఆయన తూచి, గీకి, ద్రావకంలో వేసి, ఏముందో చెబుతాడు. ఏమీ లేకపోతే ఏమీ లేదంటాడు. ఆయన చెప్పాక ఇంకొకరిని అడిగినవాళ్లను నేను చూడలేదు.

ద్రావకాల బీరువా తాళంచెవి నల్లదారానికి కట్టి ఆయన మెడలో ఉండేది. అది చేతికొస్తే శిష్యుడు పరీక్షకుడైనట్టు. మూడేళ్లుగా నా కళ్లు దాని మీదే. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు.

"చూసింది చెప్పడం నేర్చుకోరా అబ్బయా. అనుకున్నది చెప్పడం నీకు ముందే వచ్చు."

ఆ ఏడు రంజాన్ నడివేసవిలో వచ్చింది. ఉస్తాద్, మా గురువును నేనలాగే పిలుస్తాను, ఉపవాసం పట్టాడు. నేనూ పడతానన్నాను. పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టుకున్న పెంచలయ్యను నేను. నన్నెవరూ పట్టమనలేదు.

"నేను అడగలేదే" అన్నాడు ఆయన కూడా.

"మీతోపాటు ఉంటాను ఉస్తాద్" అన్నాను, గొంతులో భక్తి నింపుకుని. గుండెల్లో ఉన్నది మాత్రం తాళంచెవి.

పన్నెండో రోజు మధ్యాహ్నం చెంగమ్మ వచ్చింది. గనుల బయట పారబోసిన రాళ్లగుట్టల్లో అభ్రకం ఏరుకునే మనిషి. కొంగు ముడి విప్పి, నిమ్మకాయంత నల్లరాయి బల్ల మీద పెట్టింది. చూడ్డానికి చిన్నదే. ఎత్తితే ఇనపగుండు.

ఉస్తాద్ దాన్ని తూచాడు, గీకి పొడి చూశాడు. "టాంటలం అనే లోహం ఉండే రాయిలాగే ఉంది. గట్టిగా చెప్పాలంటే ఇంకో రెండు పరీక్షలు చెయ్యాల" అన్నాడు.

"అదేం పేరు సామీ?"

ఇంకేముంది, నా వంతు వచ్చింది.

"అదొక రాజు పేరు చెంగమ్మా. గ్రీకు దేశపు రాజు, టాంటలస్. దేవుళ్ల పంక్తిలో కూర్చుని దేవుళ్లనే మోసం చేశాడు. వాళ్లేం చేశారో తెలుసా? గొంతుదాకా నీళ్లలో నిలబెట్టారు. తాగుదామని వంగితే నీళ్లు కిందికి పోతాయి. నిలబడితే మళ్లీ గొంతుదాకా వస్తాయి. యుగాలుగా అంతే."

"అయ్యో!"

"ఆ రాజే ఈ లోహం. ద్రావకంలో నిలువునా ముంచినా చుక్క ఎక్కదు. లోపల దాహంతో అల్లాడిపోతా ఉంటుంది, పాపం."

రాజు సంగతి పుస్తకంలోది. లోహం అల్లాడటం నా సొంతం.

చెంగమ్మ కాసేపు రాయినే చూసింది. సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పి, రాయి మీద నీళ్లు పోసింది.

"తాగు నాయనా. ఎంత పాపం చేస్తే మాత్రం, ఇన్నాళ్లా?"

నవ్వు ఆపుకోలేక నా పక్కటెముకలు నొప్పి పుట్టాయి. ఉస్తాద్ నవ్వలేదు.

"అబ్బయా, రాయి లోపల పెట్టి రా" అన్నాడు.

తడి రాయి పట్టుకుని లోపలికి వెళ్లాను. పెట్టి రావడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది.

వచ్చేసరికి బీరువా తెరిచి ఉంది. షెడ్డు బయట, గాలి వాలుకు, రాతిపలక మీద గాజుగిన్నె. అందులో బంగారాన్నయినా కరిగించే ద్రావకం.

"నీ ఉంగరం ఇయ్యి."

పెంచలకోన తిరణాల్లో కొన్న రాగి ఉంగరం. తీసిచ్చాను. ఆయన దూదిలో దాచిన టాంటలం తీగముక్క తీశాడు. వెంట్రుకకన్నా కాస్త లావు. రెంటినీ ఒకే గిన్నెలో జారవిడిచి మమ్మల్ని వెనక్కి జరిపాడు.

ఉంగరం బుసకొట్టింది. ఇటుకరంగు పొగ లేచి గిన్నె అంచు దాటి పొర్లింది. ద్రావకం పచ్చబడింది, ఇంకా చిక్కబడింది, లోపల ఏమీ కనిపించలేదు. మూడేళ్లు నా వేలిని పట్టుకున్న ఉంగరం, ఒక పాట పాడేంతసేపట్లో లేదు.

పొగ తగ్గాక ఉస్తాద్ గాజు పుల్లతో తీగముక్కను పైకెత్తి, నీళ్లలో కడిగి, ఎండకు పట్టాడు.

వేసినప్పుడు ఎంతుందో అంతే ఉంది. ఎలా మెరిసిందో అలాగే మెరుస్తోంది. అంత మంట మధ్య కూర్చుని లేచి వచ్చినదానికి ఒంటి మీద చిన్న మచ్చ లేదు. చెంగమ్మ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"రాజుకేం కావాలి?" అడిగాడు ఉస్తాద్.

"నీళ్లు."

"అందాయా?"

"లేదు."

"దీనికి ద్రావకం అందిందా?"

"మునిగింది గదా ఉస్తాద్."

"తాగిందా?"

"లేదు."

"అల్లాడిందా?"

తీగ వైపు చూశాను. చూసింది చెప్పమంటే చెప్పడానికి ఒకటే ఉంది. "లేదు" అన్నాను.

ఆయన లోపలికెళ్లి కూజాలోంచి లోటా నిండా నీళ్లు వంచుకొచ్చాడు. బల్లకు అటు ఆయన, ఇటు నేను, నడుమ లోటా. దాని ఒంటి మీద చెమట పోసి, చుక్క చుక్కగా బల్ల మీదికి జారుతోంది. ఆయన భూతద్దం తీసుకుని ఇంకేవో రాళ్లు చూడటం మొదలుపెట్టాడు. పెదాలు ఎండి చీలి ఉన్నాయి. ముఖం మాత్రం వాన కడిగిన రాయిలా ఉంది.

ఎంతసేపో తెలీదు. తలెత్తకుండానే అడిగాడు.

"చెంగమ్మా, ఈడ ఇద్దరం ఉన్నాం. నీ రాజు ఎవురో చెప్పు."

చెంగమ్మ తడుముకోలేదు. "ఈ అబ్బాయే సామీ. ఇందాకట్నించీ లోటా మీద్నించి చూపు తియ్యలా."

ఉస్తాద్ భూతద్దం కింద పెట్టాడు.

"ఆ రాజుకీ ఈ లోహానికీ పేరొక్కటే కలిసింది అబ్బయా" అన్నాడు. మళ్లీ రాయి అందుకున్నాడు.

చెంగమ్మ రేపు వస్తానని వెళ్లిపోయింది. రేకుల మీద ఎండ మెల్లగా దిగింది. పొద్దు వాలుతుండగా ఆయన పరీక్షల పుస్తకం నా ముందుకు తోశాడు. మూడేళ్లలో మొదటిసారి.

"ఈ పూట చూసింది నువ్వే ఎక్కించు."

రాగి కరిగింది అని ఎక్కించాను. టాంటలం కరగలేదు అని ఎక్కించాను. ప్రతి పరీక్ష కిందా ఆయన ఒక వాక్యం పెట్టి సంతకం చేస్తాడు: నేను చూసింది ఇంతే, దాచింది ఏమీ లేదు. ఆ వాక్యం మొదలుపెట్టాను. "దాచింది" దగ్గర కలం ఆగిపోయింది.

ఆయన మెడలో తాళంచెవి ఊగుతోంది. కింద నా సంతకం పెట్టేస్తే చాలు.

"ఉస్తాద్, నిన్నటిదాకా పదకొండు రోజులూ మధ్యాహ్నం బోరింగు దగ్గరికి వెళ్లాను."

"ఊఁ."

"చేతులు కడుక్కోవడానికి కాదు."

"ఊఁ."

దూరంగా మసీదులోంచి ఉపవాసం విడిచే వేళ అజా వినిపించింది. ఆయన ఖర్జూరం నా అరచేతిలో పెట్టి, లోటా నా వైపు జరిపాడు. "ముందు నువ్వు" అన్నాడు.

నా చెయ్యి లేవలేదు.

"ఇంకొకటుంది ఉస్తాద్. ఈ పూట చెంగమ్మ వచ్చి కూర్చుంది గదా, బోరింగు దగ్గరికి వెళ్లడం కుదరలేదు. అందుకని... లోపల పెట్టమని ఇచ్చారే, ఆ తడి రాయి. దాన్ని నాకాను."

దస్తగిరి సాహెబ్ భుజాలు ముందు కదిలాయి, తర్వాత గడ్డం, తర్వాత నవ్వు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు. కళ్లు తుడుచుకుని, తాళంచెవి ఉన్న నల్లదారం తల మీదుగా తీసి, తెరిచిన పుస్తకం పక్కన పెట్టాడు.

"రుచెట్లుందిరా?"

"మట్టి, ఉస్తాద్."

"అది కూడా ఎక్కించు."