హజెర్ పెట్టిన పిడకలు

ఆ చలికాలం పొద్దున బడి పొయ్యిలో వేయడానికి తాను ఇచ్చిన పిడక తనది కాదనీ, పక్కన కూర్చునే హజెర్ సంచిలోంచి తీసిందనీ నూర్షెన్ ఇంతవరకూ పైకి అనలేదు.

తుర్కియేలో, అర్దహాన్ కొండల మీది ఆ ఊళ్ళో కట్టెలు దొరకవు. బడిలో ఇనప పొయ్యి మండాలంటే పిల్లలు తలా ఒక పిడక తేవాలి. తేనివాళ్ళు ఆ పూటంతా పగిలిన కిటికీ పక్కన కూర్చోవాలి. ఆ రోజు అక్కడ కూర్చున్నది హజెర్. "తెచ్చాను టీచర్" అని ఒక్కసారే అంది. మర్నాటి నుంచి బడికి రాలేదు.

అయిదో తరగతితోనే చదువు ఆగినా, దొరికిన పుస్తకమల్లా చదువుకుని, నూర్షెన్ ఇప్పుడు ఆ ఊరి పిల్లల బడిరోజులు రాస్తోంది. రాసినవి ప్రతి శుక్రవారం పట్టణానికి తీసుకెళ్ళి, అప్పట్లో తమకు చదువు చెప్పిన ముయెస్సెర్ టీచర్‌కి చూపిస్తుంది. ఏదడిగినా ముందు టీ పోయడం, గ్లాసు సగమయ్యాక గానీ నోరు విప్పకపోవడం ఆవిడ అలవాటు.

"చిన్నప్పటి తప్పు ఇప్పుడు రాయాలా టీచర్? అందరూ మరిచిపోయినదాన్ని కెలకడమెందుకు?" అని అడిగింది నూర్షెన్.

"ఎవరి తప్పు?"

"ఎవరిదో."

"ఎవరిదో అయితే ఈ గ్లాసుతో సరి. నీదైతే ఇంకోటి పోస్తాను."

నూర్షెన్ ఖాళీ గ్లాసు ముందుకు జరిపింది.

ఆవిడ టీ పోసి, సగం తాగేదాకా ఆగి, చెప్పింది. "హజెర్ మానేశాక వాళ్ళింటికి వెళ్ళాను తల్లీ. వాళ్ళ నాన్న గుమ్మంలోనే ఆపేశాడు. 'నా పిల్ల తెచ్చానంటే తెచ్చినట్టే. మీరు నమ్మలేదు. మీ బడి మీరే ఉంచుకోండి' అన్నాడు. నాకూ పంతమొచ్చి తిరిగొచ్చేశాను. మర్నాడు బడి గడప మీద ఒక పిడక ఉంది. ఆ మర్నాడూ ఉంది. మంచు కరిగేదాకా రోజూ ఉంది. ఒకనాడు పెందరాళే వెళ్ళి కిటికీలోంచి చూశాను. హజెర్. పిడక పెట్టింది, తలుపు వంక కాసేపు చూసింది, వెళ్ళిపోయింది. నేను పిలవలేదు."

"ఆ పిడకలు ఏం చేశారు?"

"ఏం చేస్తాం? కాల్చుకున్నాం. పొయ్యి పక్క బల్ల నీదే కదా."

ఆ చలికాలమంతా కుడి చెంప ఎంత వెచ్చగా ఉండేదో నూర్షెన్‌కి గుర్తొచ్చింది. ఆ చెంప మీద చెయ్యి పెట్టుకుంది.

"అది తీసింది నేనే టీచర్."

ముయెస్సెర్ టీచర్ తలూపింది, అంతే. నూర్షెన్ నోటుబుక్కు చివరి పేజీ తిప్పింది. దూరాన బుర్సా నగరంలో దుప్పట్ల మిల్లులో పనిచేస్తున్న హజెర్ నంబరు అక్కడ రెండేళ్ళుగా ఉంది. ఆరింటికి షిఫ్టు దిగుతుందట. గోడ గడియారం ఆరున్నర చూపిస్తోంది.

"రాయడం తర్వాత. ముందు దానికి ఫోన్ చేస్తాను. ఇక్కణ్ణుంచే."

టీచర్ ఫోను నూర్షెన్ వైపు జరిపింది గానీ, దాని మీంచి చెయ్యి వెంటనే తియ్యలేదు.

"నీ మాట అయ్యాక పెట్టెయ్యకు. నాకివ్వు."