మందార కుండీలో తెల్ల మంద

పాలేటివారి పశువుల కొట్టం ముందు ఒక కుడితి తొట్టి, దాని వెడల్పాటి గట్టు మీద మట్టి కుండీలో ఒక మందార మొక్క. ఆ మొక్క ఆకులు రెండు దగ్గరికి లాగి, ముక్కుతో చిల్లులు పొడిచి, సాలెపోగుతో కుట్టి గూడు కట్టుకుంది సూదమ్మ అనే కుట్టుపిట్ట. గూట్లో ఇంకా కళ్లు తెరవని పిల్లలున్నాయి.

మొక్కకు కాపలా చీమల పెద్ద గండయ్యది. గొంగళిపురుగు ఆకు మీద కాలు పెడితే చాలు, దండుతో వెళ్లి తరిమేసేవాడు. సూదమ్మకు అతనంటే మహా గురి.

కొన్నాళ్లకు ఆకులు పసుపుబారి రాలడం మొదలైంది. అడిగితే ఎండదెబ్బ అన్నాడు గండయ్య. వాన పడ్డాకా రాలుతుంటే, ముసలి మొక్క, దాని ఆయుష్షు అంతేనన్నాడు. చివరికి గూటికి కుట్టిన ఆకు తొడిమ కూడా పండబారింది. ఆ ఆకు ఊడితే పిల్లలు నేల మీద, మరుక్షణం పిల్లి నోట్లో.

సూదమ్మ వెళ్లి కొట్టంలో నెమరేస్తున్న నల్లమ్మ గేదెకు గోడు చెప్పుకుంది. నల్లమ్మ నెమరు ఆపింది.

"ఆకు మీద పురుగు లేదు, నీళ్లకు కరువు లేదు. ఇక మిగిలింది వేరు ఒక్కటేనే పిల్లా. ఆ వేరు దాకా వెళ్లొచ్చేది ఎవరో చూశావా?"

కుండీ అడుగున చిల్లులోకి చీమలు పోతున్నాయి, వస్తున్నాయి. సూదమ్మ చాలాసేపు చూసింది. తర్వాత ఏమీ ఎరగనట్టు గండయ్య దగ్గర వాలింది.

"బాబాయ్, నల్లమ్మత్త ఈ కుండీని తొట్లోకి తోసేస్తానంటోంది. లోపల నీ సామానేదైనా ఉంటే తెచ్చుకో. తర్వాత నన్ననొద్దు."

కాపలావాడికి సామానేమిటమ్మా అని గండయ్య నవ్వాడు. నవ్వుతూనే చిల్లులోకి దూరాడు.

ఆ తర్వాత బయటికొచ్చింది చూసి సూదమ్మ రెక్క కదపడం మరిచిపోయింది. చీమ వెంట చీమ, ప్రతి చీమ నోట్లో పిండి అద్దినట్టున్న తెల్ల పురుగు. వేరు రసం పీల్చి తీపినీరు కార్చే పిండినల్లులు అవి. గండయ్య వాటిని పాడి పశువుల్లా వేళ్ల మీద మేపుకుంటున్నాడు. బారు తెగలేదు. గట్టు పొడవునా ముగ్గు గీత లేచి నడుస్తున్నట్టుంది. తను జోలపాట పాడిన చోటికి జానెడు కింద ఇంత రాజ్యం ఉందని ఆ పిట్టకు ఇన్నాళ్లూ తెలియదు. తేరుకుని పెరట్లో కోళ్ల దగ్గరికి ఎగిరింది.

కంచే చేను మేస్తోందని కబురందగానే కోళ్లు పరిగెత్తుకొచ్చాయి. గట్టు తెల్లదనం కాసేపట్లో ఖాళీ అయింది. గండయ్య మాత్రం చలించలేదు. వేళ్ల సందుల్లో నాలుగు మిగిలినా మళ్లీ మంద అవుతుందని తనవాళ్లకు ధైర్యం చెప్పుకున్నాడు.

ఆ మాట నల్లమ్మ చెవిన పడింది. వేరు పట్టినది ఒక్క దెబ్బకు వదలదని చెప్పి, సూదమ్మను గూటి మీద కూర్చోమంది. నుదురు కుండీకి ఆనించి, పసిబిడ్డను స్నానానికి దించినట్టు తొట్లోకి జార్చింది. నీళ్లు కుండీ అంచు దాటి మట్టిని ముంచేశాయి. గూడు ఊగింది, ఊగి నిలిచింది. సూదమ్మ పిల్లల్ని పొదువుకుని కిందికి చూస్తే మట్టి గుటకలు వేస్తున్నట్టు బుడగలు, బుడగల వెంట తెల్లటి నల్లులు పైకి తేలుతున్నాయి. వాటిని ఏరుకోవడం కోళ్ల వంతయింది.

సాయంత్రానికి నల్లమ్మ తొట్టి నీళ్లన్నీ తాగేసి, అడుగున బెత్తెడు మిగిల్చింది. కుండీ చుట్టూ కందకంలా ఆ నీళ్లు నిలిచాయి.

పిల్లలు కళ్లు తెరిచిన రోజున మొండి కొమ్మకు ఎర్రటి చిగురు పొడిచింది. సూదమ్మ దాన్ని ముక్కుతో తాకడానికి కూడా జంకింది. తొట్టి గట్టు మీద గండయ్య మాత్రం నీళ్లకేసి చూస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు, ఈత రాదు మరి.

కొమ్మకు కాపలా కాస్తానని వచ్చినవాడికి వేరు దగ్గర పనేమిటో ముందు కనుక్కోవాలి.