లాకుల బంగళాలో వేరే గుడ్డు

ఏవిటే పండూ, పొద్దున్న మీ అమ్మ చేసి పెట్టిన గుడ్డు రొట్టె సగం పళ్ళెంలోనే వదిలేశావుట? హవ్వ! ఆ రొట్టె కోసం ఒక పెట్ట ప్రాణం మీదికొచ్చిందని తెలిస్తే అలా వదిలేదానివేనా? దుప్పటి కప్పుకో. ఆ కాళ్ళు నా మీద వెయ్యకు, చల్లగా ఉన్నాయి. ఊఁ కొడుతూ విను మరి.

అనగనగనగా, గోదారి కాలవ గట్టున, లాకులున్న ఒక ఊళ్ళో ఒక బంగళా ఉండేది. లాకులంటే కాలవకి అడ్డంగా పెట్టిన పెద్ద పెద్ద తలుపులు. ఆ తలుపులు తీస్తే పడవ ముందుకి కదులుతుంది. తియ్యకపోతే అక్కడే పడి ఉంటుంది. అప్పట్లో మనల్ని తెల్లదొరలు ఏలేవాళ్ళు. పడవల్లో తిరిగే దొరలు ఆ బంగళాలో దిగి, తిని, మళ్ళీ పడవెక్కి పోయేవాళ్ళు.

ఆ బంగళాలో వంట చేసే ఆవిడ పేరు అచ్చియ్యమ్మ. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఉన్నవల్లా కోళ్ళు. మొదట్లో తొమ్మిది ఉండేవి. దొర దిగాడంటే కోడి తెగాల్సిందే. ఒక్కో పడవకి ఒక్కోటి పోగా పోగా, చివరికి ఒక్క పెట్ట మిగిలింది. దాని పేరు రాజ్యం.

అచ్చియ్యమ్మకి రాజ్యమంటే ప్రాణం. పొయ్యి దగ్గర కూచుని దానితోనే కబుర్లు. "చూశావటే రాజ్యం, ఈ పప్పు ఎంతకీ ఉడికి చావదు" అంటే, అది మెడ పక్కకి తిప్పి వినేది. మీ మామయ్యకంటే నయం. వాడు నేనేం చెప్పినా ఫోనులోంచి తలెత్తడు.

ఒకరోజు పొద్దున్నే లాకు తలుపు బిగుసుకుపోయింది. వచ్చిన పడవ వచ్చినట్టే ఆగిపోయింది. అప్పుడు లాకులు తిప్పే లస్కరు గవర్రాజు, కత్తి పట్టుకుని బంగళాకి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, పడవలోంచి దొరసాని దిగింది! తలుపు ఊడొచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. ఫలారం నువ్వే పెట్టాలి. కోడేదీ?"

అచ్చియ్యమ్మ గుండె ఝల్లుమంది. రాత్రి రాజ్యాన్ని మూసిన గంప ఇంకా ఎత్తలేదు. ఆ గంప మీద గబుక్కున ఒక చేట పెట్టి, పక్కనే చతికిలపడింది. "ఇంకెక్కడి కోడిరా తమ్ముడూ! రాత్రి నక్క ఎత్తుకుపోయింది" అని కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంది.

గవర్రాజు పాపం నమ్మేశాడు. "అయ్యయ్యో" అంటూ వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే గంప కింద రాజ్యం గుడ్డు పెట్టింది. పెట్టి ఊరుకుంటుందా మహాతల్లి! కొక్కొక్కొక్కో కొక్కో! కొక్కొక్కొక్కో కొక్కో! అని ఊరంతా చాటింది.

"ఏవక్కా, నక్క కడుపులోంచి కూస్తోందా?" అన్నాడు గవర్రాజు.

వాడు గంప ఎత్తబోయాడు. అప్పుడు గుమ్మంలోంచి "గుడ్డు! గుడ్డు!" అని కొత్త గొంతు వినపడింది. ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. దొరసాని! సన్నగా, పొడుగ్గా, నిచ్చెనలా ఉంది. జోళ్ళకి అతుకులు. ఎక్కడో బళ్ళో పాఠాలు చెప్పుకునే మనిషిట. చేతిలో చిన్న పుస్తకం ఉంది. అందులో చూసి తెలుగు మాటలు నేర్చుకుంటోంది.

"కోడి వద్దు. గుడ్డు. రొట్టె" అని వేళ్ళు మడిచి చెప్పింది.

తెల్లదొరసాని తెలుగు మాట్లాడ్డమే! అచ్చియ్యమ్మ ముక్కున వేలేసుకుంది. ఇంతకాలం వచ్చిన దొరలెవరూ కోడి వద్దన్న పాపాన పోలేదు. గవర్రాజుకి మాత్రం నమ్మకం కుదరలేదు. "చూడక్కా, గుడ్లతో ఆవిడ కడుపు నిండిందా, సరేసరి. నిండలేదా, రాజ్యం తెగాల్సిందే. ఆవిడ పైవాళ్ళకి చెప్పి నా ఉద్యోగం ఊడబీకిస్తే, నీ పెట్టొచ్చి నా పిల్లలకి అన్నం పెడుతుందా?" అన్నాడు. అని, కత్తి పక్కన పెట్టుకుని వంటింటి గడపలోనే కూచున్నాడు.

అచ్చియ్యమ్మ లెక్క చూసుకుంది. రాజ్యం ఇప్పుడు పెట్టింది ఒకటి. ఉట్టి మీద కుండలో రెండు. మూడే మూడు గుడ్లు. వాటితోనే దొరసాని కడుపు నింపాలి.

ఆ తర్వాత దొరసాని సంచీలోంచి మూట తీసి విప్పింది. అందులో రొట్టె ఉంది. మన మినప రొట్టె కాదే, దొరల రొట్టె. మీరు బ్రెడ్డంటారే, అది. ఎన్నాళ్ళదో ఏమో, ఎండి చెక్కయిపోయింది. బల్ల మీద పెడితే టక్కుమని చప్పుడైంది. పారెయ్యమని ఇచ్చింది కాబోలనుకుంది అచ్చియ్యమ్మ. ఒక ముక్క విరిచి, గంప కాస్త ఎత్తి, రాజ్యానికి వేసేసింది.

"నో! నో!" దొరసాని కెవ్వుమంది. మిగిలిన రొట్టెని రెండు చేతులా గుండెకి హత్తుకుంది.

అచ్చియ్యమ్మకి మతి పోయింది. ఏవిటీ, ఈ చెక్క తినడానికా? దేశాన్నేలే దొరలు, వాళ్ళ ఆడవాళ్ళు, నిలవ రొట్టె తింటారా? అప్పుడు దొరసాని పుస్తకం తిరగేసింది. ఒక్కో మాట మీదా వేలు పెడుతూ, "రాత్రి అన్నం. పొద్దున్న. మీరు..." అని ఆగింది.

"చద్దన్నం!" అని అరిచింది అచ్చియ్యమ్మ. "ఓరి నాయనోయ్! దొరలకీ చద్దన్నం ఉందిరా గవర్రాజూ!"

గవర్రాజు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. ఈగ దూరినా తెలిసేది కాదు.

అప్పుడు దొరసాని ఒక గిన్నె అడిగి తీసుకుంది. అందులో ఒక గుడ్డు కొట్టింది. చిటికెడు ఉప్పు, కాస్త మిరియాల పొడి, రెండు చెంచాల పాలు వేసి గిలక్కొట్టింది. ఆ తర్వాత ఏం చేసిందనుకున్నావు? రొట్టె ముక్క కోసి, తీసుకెళ్ళి ఆ పచ్చి సొనలో ముంచింది! "రామ రామ, ఇదేం చోద్యమమ్మా!" అని అచ్చియ్యమ్మ చెంపలు వాయించుకుంది. ఆ ముక్కేమో అటూ ఇటూ సొన తాగేసి, మెత్తగా ఒళ్ళు చేసింది.

అయితే ఇంటికొచ్చిన మనిషి చేత పొయ్యి ముట్టించకూడదు కదా. అచ్చియ్యమ్మ అట్లకాడ లాక్కుని, దొరసానిని బల్ల దగ్గర కూచోపెట్టింది. పెనం మీద చెంచాడు నెయ్యి వేసి, ముక్క పరిచింది. చుయ్యిమంది. ఇటు ఎర్రబడ్డాక అటు తిప్పింది. అబ్బ, ఏం వాసనే! గవర్రాజు కత్తి సంగతి మరిచిపోయి ముక్కు ఎగబీల్చాడు. ఒక్క గుడ్డు, ఒక్క ఎండు ముక్క. అదే ఫలారం. పప్పు నానబెట్టేది లేదు, రుబ్బేది లేదు.

దొరసాని కొరికింది. కళ్ళు మూసుకుంది. "గుడ్!" అంది.

"గుడ్డా?" అచ్చియ్యమ్మ కంగారుపడింది. "అయ్యో, ఒకటి ఆనలేదు కాబోలు!" పరిగెత్తుకెళ్ళి రెండో గుడ్డు కొట్టింది. ముంచింది, కాల్చింది, తెచ్చి పెట్టింది.

దొరసాని కాస్త తెల్లబోయింది. కానీ తినేసింది. "వెరీ గుడ్!" అంది.

"వేరే గుడ్డుట!" అచ్చియ్యమ్మ గుండె గుభేలుమంది. "ఒరే గవర్రాజూ, ఇది సరిపోలేదుట, వేరే గుడ్డు కావాలిట!" కుండలో చెయ్యి పెట్టింది. మిగిలింది ఒక్కటే. ఏం చేస్తుంది? అదీ కొట్టింది. ముంచింది, కాల్చింది, తెచ్చి పెట్టింది.

మరి ఆవిడెందుకు తింటోందీ అంటావా? వాళ్ళ దేశంలో పెట్టింది మిగిలిస్తే తప్పుట. నీలాగ కాదు. మన దేశంలోనేమో ఎదుటివాళ్ళ పళ్ళెం ఖాళీ అయితే, మళ్ళీ వడ్డించకపోతే తప్పు. ఇంక చూసుకో! ఆవిడ ఖాళీ చేస్తుంది, ఈవిడ నింపుతుంది.

మూడోది సగం తినేసరికి దొరసాని మొహం కందగడ్డయింది. ఆయాసపడుతోంది. అచ్చియ్యమ్మ చేతులు కట్టుకుని, ప్రాణాలు బిగబట్టి, "చాలా అమ్మా?" అని అడిగింది. పాపం ఆవిడ "చాలు" అనాలనుకుంది. ఆ మాట నోటికి రాలేదు. అచ్చియ్యమ్మ అన్న మాటనే పట్టుకుని, రెండు చేతులూ ఊపుతూ, "చాలా! చాలా!" అంది.

"ఓరి భగవంతుడా! ఇంకా చాలా కావాలిటరా!" అంది అచ్చియ్యమ్మ.

గవర్రాజు లేచాడు. కత్తి తీశాడు. "గుడ్లు అయిపోయాయి కదక్కా. నన్నేం చెయ్యమంటావు?" అని గంప వైపు నడిచాడు. వాడి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

అచ్చియ్యమ్మ వాడికంటే ముందు ఉరికింది. గంప తన్నేసి, రాజ్యాన్ని ఎత్తుకుని, దొరసాని ఎదురుగా బల్ల మీద కూచోపెట్టింది. "దొరసానమ్మగారూ! ఉన్న మూడూ పెట్టేశాను. వేరే గుడ్డు కావాలంటే రేపు పొద్దున్న ఇదే పెడుతుంది. దీన్ని మాత్రం తినకండమ్మా. తొమ్మిదింట్లో ఇదొక్కటే మిగిలింది. మీరు పడవెక్కి పోతే మళ్ళీ నాతో మాట్లాడేది ఇదొక్కత్తేనమ్మా!" అని బావురుమంది.

దొరసాని ఆ ఏడుపు చూసింది. గవర్రాజు చేతిలో కత్తి చూసింది. మూడు గుడ్ల పెంకులు చూసింది. అసలే తెల్లటి మనిషి, సున్నం కొట్టిన గోడైపోయింది. ఆవిడ వారానికి ఒక్క గుడ్డు తినే మనిషిట! గబగబా పుస్తకం తిరగేసింది. కాగితాలు ఎగిరిపోతున్నాయి. చివరికి మాట దొరికింది. కుర్చీలోంచి లేచి, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని, "చాలు! నాకు చాలు! చాలు!" అని గట్టిగా అరిచింది.

"చాలా కాదా? చాలూనా?" అన్నాడు గవర్రాజు. కత్తి ఠంగుమని కింద పడింది.

ఆ తర్వాత ఆవిడ నెమ్మదిగా పుస్తకంలో ఇంకో మాట వెతికి చూపించింది. గుడ్ అంటే బావుంది అని. వెరీ గుడ్ అంటే చాలా బావుంది అని. అచ్చియ్యమ్మ అలాగే కొయ్యబారిపోయింది. తన వంట బావుందన్నారా! ఇన్నేళ్ళలో ఆ బంగళాలో తిన్నవాళ్ళెవరూ ఆ మాట అన్నట్టు ఆవిడకి తెలీదు. అన్నా గుడ్డనే వినపడి ఉంటుందిలే, అది వేరే సంగతి.

అప్పుడు దొరసాని తన పళ్ళెంలోంచి ఎంగిలి కాని సగం ముక్క కోసి, ఇంకో పళ్ళెంలో పెట్టి, "తిను" అంది. రాజ్యం పెట్టిన గుడ్లన్నీ దొరలకే పోయేవి కదా, అచ్చియ్యమ్మ ఏనాడూ ఒక్కటీ తిని ఎరగదు. ఆ బంగళాలో ఆవిడకి పళ్ళెం పెట్టినవాళ్ళూ లేరు. కళ్ళు తుడుచుకుంటూ తింది. "వెరీ గుడ్డమ్మా!" అంది. వెంటనే దొరసాని హడలిపోయి రాజ్యం వైపు చూసింది. ముగ్గురూ పడీ పడీ నవ్వారు.

మధ్యాహ్నానికి లాకు తలుపు తెరుచుకుంది. వెళ్ళే ముందు దొరసాని బంగళాలో ఉండే పెద్ద పుస్తకం అడిగింది. వచ్చినవాళ్ళు ఏం తిన్నారో, ఎలా ఉన్నారో అందులో రాసి వెళ్ళాలి. ఆవిడ ఏదో రాస్తోంటే గవర్రాజుకి ముచ్చెమటలు పోశాయి. "నా గురించి రాయలేదు కదమ్మా?" అని గొణిగాడు. దొరసాని తను రాసింది, చిన్న పుస్తకంలో మాటలు వెతుక్కుంటూ, తెలుగులో చెప్పింది.

"ఈ బంగళాలో కోడి లేదు. గుడ్డు ఉంది. రొట్టె తెచ్చుకోండి."

కోడి లేదుట! బల్ల మీద రాజ్యం ఈకలు దులుపుకుంటూ కూచుని ఉండగానే! అచ్చియ్యమ్మ ఆడిన అబద్ధమే ఆవిడ పుస్తకానికెక్కించేసింది. ఆ తర్వాత ఎంతమంది దొరలు దిగినా, ముందు ఆ పుస్తకం చూసుకునేవారు. రొట్టె తీసి ఇచ్చేవారు. అచ్చియ్యమ్మ ముంచి, కాల్చి పెట్టేది. గవర్రాజు ఆ కత్తితో కొబ్బరి బొండాలు కొట్టుకునేవాడు. మరి కోడి లేని బంగళాలోకి రోజూ గుడ్డు ఎక్కణ్ణించి వస్తోందని, ఒక్క దొరకి, ఒక్కడికంటే ఒక్కడికి, అనుమానం రాలేదే! రాజ్యమేమో వాళ్ళ బల్ల కిందే తిరుగుతూ, వాళ్ళు రాల్చిన ముక్కలే ఏరుకుని తింటూ, ముసలిదయ్యేదాకా బతికింది.

ఏవిటీ? వెరీ గుడ్డా? వేరే కథా! అమ్మ బాబోయ్, నా దగ్గర ఇవాళ్టికి ఒక్కటే ఉంది. చాలు. కళ్ళు మూసుకో.

గుడ్డేమో రొట్టెకెక్కె,
రొట్టేమో పెనమెక్కె,
పెట్టేమో గంపెక్కె,
కథ కంచి పడవెక్కె,
మా పండు మంచమెక్కె!